ఒకే బిడ్డను ఎత్తుకుంటే

అలజని నది పొంగి మా దిగువ ద్రాక్షతోటలన్నీ ముంచేసిన ఏడాది అది.

మల్ఖాజ్ వ్యాను నడిపేవాడు. ఊరు చూడవచ్చినవాళ్ళను ముందు వైన్ మ్యూజియానికి, తరవాత కొండమీది పాత చర్చిలకు తిప్పేవాడు. మ్యూజియంలో గైడు ఎలిసో కూడా వ్యానులో వచ్చేది. మొదటిరోజే తగాదా.

"ఓ వ్యానబ్బాయ్! అది అరుగు కాదు. నాలుగొందల ఏళ్ళనాటి ద్రాక్ష తొక్కే తొట్టి. లే!"

"అన్నేళ్ళు నిలిచింది, నా బరువుకు విరుగుతుందా?"

"బరువు కాదు, నీ ప్యాంటుకున్న గ్రీజు."

వారం తిరిగేసరికి ఆమె ముందు సీట్లోకి మారింది. వాన పడితే చర్చిలో తలకు కట్టుకునే రుమాలుతోనే అతనివైపు అద్దం తుడిచేది. అతను రోడ్డు చూడాలో ఆ చెయ్యి చూడాలో తెలియక గేరు మర్చిపోయేవాడు.

కోతలయ్యాక స్నేహితుడు గెలా వచ్చాడు.

"ఒరేయ్, ఆదివారం మా బుడ్డోడికి జ్ఞానస్నానం. వాణ్ణి ఎత్తుకునే జ్ఞానతండ్రివి నువ్వే. జ్ఞానతల్లి ఎవరనుకున్నావ్? మీ ఎలిసో!"

ఎలిసో పక్కన, చర్చిలో, చంటిబిడ్డతో! మల్ఖాజ్ వెంటనే సరేనన్నాడు.

శనివారం ఆమె వెనక సీట్లో కూర్చుంది.

"ఏమైంది?"

"ఒప్పుకున్నావటగా."

"నువ్వూ ఒప్పుకున్నావుగా?"

"అప్పటికి నువ్వని నాకు తెలీదు. తెలిశాక, నువ్వు కాదంటావనుకున్నా."

"ఎందుకంటాను? సంతోషంగా ఒప్పుకున్నా!"

"సంతోషంగానా!" కిటికీవైపు తిరిగిపోయింది. కళ్ళు తడిశాయి. అతనికేమీ అర్థం కాలేదు.

చర్చి గుమ్మంలో కొవ్వొత్తులమ్మే దారో అవ్వతో చెప్పుకున్నాడు. అవ్వ పగలబడి నవ్వింది.

"ఓరి వెర్రివాడా! ఒకే బిడ్డకు జ్ఞానతల్లీ తండ్రీ అయినవాళ్ళు దేవుడి ముందు తోబుట్టువులురా. ఇక పెళ్ళెక్కడిది?"

"నాకెవరూ చెప్పలేదే!"

"మీ చిన్నప్పుడు సర్కారు చర్చికి తాళమేసింది. మీకేం తెలుస్తుంది?"

"ఆమైనా చెప్పొచ్చుగా!"

"ఏమని? నువ్వు అడగని పెళ్ళి తప్పిపోతోందనా?"

జ్ఞానతండ్రిగా పిలిస్తే కాదనడం మా వైపు పెద్ద అవమానం. గెలా మళ్ళీ ముఖం చూడడేమో. చూసినా చూడకపోయినా, ఎలిసోను చెల్లెలా అని పిలవడం తనవల్ల కాదు.

మర్నాడు పొద్దున చర్చి నిండా చుట్టాలు. ఫాదర్ జ్ఞానతండ్రిని పిలిచాడు. మల్ఖాజ్ చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"గెలా, తిట్టు, కొట్టు. నేను వీణ్ణి ఎత్తుకోను. ఎత్తుకుంటే ఎలిసోను పెళ్ళాడలేను."

గెలా ముఖం కందగడ్డయింది.

"ఆ ముక్క నిన్న చెప్పి చావొచ్చుగా!" అని అరిచి, తన బావమరిదిని ముందుకు తోశాడు.

బిడ్డనెత్తుకున్న ఎలిసో తల ఎత్తకుండానే అంది: "ఊరందరికీ చెప్పాడు. నన్నొక్కదాన్నే అడగలేదు."

"అడుగుతున్నా."

"ఇప్పుడు కాదు. బయటుండు."

వెళ్ళి గుమ్మం బయట నిలబడ్డాడు. వానొచ్చింది. వ్యానులోకి మాత్రం పోలేదు.