కరీంబీ చెక్కపెట్టెలు

పెన్నా ఊళ్ళ మీద పడిన ఆ పెద్ద వరదకు మూడో ఏడు. కార్తీకం. డ్యాం మళ్ళీ నిండుగా ఉంది.

ఆత్మకూరు బస్టాండులో రోశయ్య టీ తాగుతున్నాడు. గొడుగు పట్టుకున్న ముసలాయన ఒకడు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నర్ది చెక్క గరిటెలు దొరుకుతాయా?"

"నర్ది తడిగా ఉండాది. కలివి అయితే ఇస్తా."

కోడ్ సరిపోయింది. ముసలాయన రోశయ్య పనిచేసే గూఢచారి సంస్థ చీఫ్. ఢిల్లీలో ఏసీ కింద ఉండాల్సిన మనిషి ఇక్కడ ఈగలు తోలుకుంటున్నాడంటే కేసు చిన్నది కాదు.

"ఫస్ట్ వేవ్ వెంచర్స్," అన్నాడు చీఫ్ గొంతు తగ్గించి. "నెల్లూరు రోడ్డులో పాత కల్యాణ మండపం అద్దెకు తీసుకున్నారు. మీ పక్క పిల్లలు పెట్టే స్టార్టప్‌లకు పెట్టుబడి ఇస్తారు, చోటు ఇస్తారు. ఇంక్యుబేటర్ అంటారు."

"కోడిగుడ్లు పొదిగే పెట్టె."

"ఇది పాముగుడ్లు పొదిగేది. ఓనర్ గ్రెగర్. మూడు పాస్‌పోర్టులు, వెనక ఒక విదేశీ ముఠా. శుక్రవారం డెమో డే. స్టార్టప్‌లు తమ సరుకు చూపిస్తాయి. ఆ రోజు ఒక డివైస్ డ్యాం కంట్రోల్ రూంలోకి పోతుంది. ఎట్లా పోతుందో తెలియదు. పోయినాక గ్రెగర్ తన ఫోన్లో ఒక బటన్ నొక్కుతాడు. గేట్లన్నీ ఒకేసారి లేస్తాయి. మిగతా డ్యాములకు ఇది శాంపిల్."

రోశయ్య గ్లాసు కింద పెట్టాడు. డ్యాం కింద, ఏటి ఒడ్డునే, అతని అక్క చెంచులక్ష్మి ఇల్లు. ఆ వరదలో గోడలు పోయినాయి. బావ పోయినాడు. మొన్న వేసవిలోనే ఆమె మళ్ళీ గోడలు లేపింది.

"లోపల మన ఏజెంట్ ఉంది. శ్వేత. గ్రెగర్‌కు పార్ట్‌నర్‌గా చేరింది."

"నమ్మొచ్చా?"

చీఫ్ గొడుగు ముడిచాడు. "జీతం మన దగ్గర తీసుకుంటుంది. అంతవరకు తెలుసు."

మర్నాటికి రోశయ్య లేడు. చిన్నా ఉన్నాడు. జీన్స్ ప్యాంటు, నల్ల కళ్ళద్దాలు, చెవిలో బ్లూటూత్. ఉదయగిరి చెక్క గరిటెలు ఆన్‌లైన్లో అమ్మే స్టార్టప్. చేతిలో శాంపిల్ గరిటె. దాని కాడలో సిగ్నల్ డిటెక్టర్.

గ్రెగర్ కుర్చీలో వెనక్కి వాలి అడిగాడు. "మార్కెట్ సైజ్?"

"అన్నం తినేవాళ్ళంతా సార్."

పక్కనున్న శ్వేత నవ్వింది. తెల్ల సిల్కు చీర, పొట్టి జుట్టు. ఆమె నవ్వితే గదిలో మగాళ్ళంతా కుర్చీలు సర్దుకున్నారు. రోశయ్య మాత్రం ఆమె చేతులు చూశాడు. గోళ్ళు నున్నగా, చిన్న మచ్చ లేకుండా ఉన్నాయి.

బయటికి వచ్చాక వరండాలో ఆమె మెల్లగా అంది. "చీఫ్ చెప్పాడు. ఇక్కడ నేనే నీకు కళ్ళు. భయపడొద్దు, నాది కూడా ఈ పక్కే. ఉదయగిరి, బస్టాండు వెనక వీధి. ఈ గరిటెలతోనే తిని పెరిగినాను."

"ఓహో," అన్నాడు రోశయ్య.

"డెమో డేకు వచ్చే అతిథులకు చెక్కపెట్టెలు ఇద్దామంటున్నాడు గ్రెగర్. నువ్వే తెప్పించు. నీ వేషానికి కూడా బలం."

ఉదయగిరిలో కొండ కింద వీధికి పోయినాడు. గరిటెలు, పెట్టెలు చెక్కే ముసలామె కరీంబీ ఇంటి ముందు చెక్కపొట్టు కుప్పలుగా ఉంది. ఆమె ఉలి పక్కన పెట్టి పెట్టెల్ని తుడిచి వరసగా పేర్చింది. తర్వాత డబ్బా తీసి ఒక్కోదాంట్లో చిటికెడు చక్కెర వేసి మూత పెట్టసాగింది.

"ఇదేంది అవ్వా? తొందరగా కానీ."

"నీకేం తొందర్రా? మా చేతి చెక్క సామాను ఉత్తది ఇవ్వం. ఉత్త పెట్టె పోతే ఆ ఇంట్లో పొయ్యి ఆరిపోతుందంటారు. గరిటె అయినా సరే, చిటికెడు చక్కెర పొట్లం కట్టే ఇస్తాం. ఈ వీధిలో ఎవర్నైనా అడుగు."

"చీమలు పడితే?"

"తింటాయి. వాటికి మాత్రం పొయ్యి ఉండాదా?"

లోపల్నుంచి ఆమె మనవరాలు నజ్నీన్ నవ్వింది. ఇంజనీరింగ్ చదివిన పిల్ల. ఏట్లో నీళ్ళు పెరిగితే పల్లెల్లో ఫోన్లు మోగించే సెన్సార్ చేసింది. అదే ఆమె స్టార్టప్. శుక్రవారం అది కూడా స్టేజీ మీదికి వస్తుంది, తర్వాత డ్యాంకు పోతుంది.

రోశయ్య ఆ మాట గుర్తు పెట్టుకున్నాడు. డ్యాంకు పోతుంది.

శుక్రవారం. పైన మబ్బు, హాలు నిండా జనం. వాళ్ళ మధ్య రోశయ్య గరిటె కాడలోని డిటెక్టర్‌తో తిరిగాడు. ఫోన్లు, లాప్‌టాప్‌లు, మైకులు. అది అందరి మీదా మూలిగింది. పనికిరాదు. జేబులో పెట్టేశాడు.

శ్వేత పక్కనుంచి నడుస్తూ అంది. "డివైస్ నజ్నీన్ సెన్సార్‌లో ఉంది. ఆ పిల్లకు తెలియకుండా పెట్టినారు. స్టేజీ ఎక్కకముందే పగలగొట్టు."

నజ్నీన్ స్టేజీ వెనక సెన్సార్‌ను చున్నీ కొంగుతో తుడుస్తూ ఉంది. రోశయ్య దగ్గరికి పోయినాడు. చెయ్యి చాపాడు. చెయ్యి అక్కడే ఆగింది. ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పరు. అబద్ధమైతే ఈ పిల్ల కష్టం మట్టిపాలు. నిజమైతే అక్క ఇల్లు.

"ఒరే చిన్నా!" ముందు వరసలోంచి కరీంబీ కేక. "బల్ల మీద పెట్టెలకు చీమలు పట్టినాయిరా. పెద్దమనుషులకు ఇచ్చేవి. దులపరా!"

కిటికీలోంచి ఎర్ర చీమల బారు. బల్ల కాలు ఎక్కి ప్రతి పెట్టె మూత చుట్టూ తిరుగుతోంది. రోశయ్య ఒక్కోటీ దులిపాడు. అన్నిటికీ ఉన్నాయి. కానీ బల్ల చివర ఒక పెట్టె చోటు ఖాళీ. ఇప్పుడే తీసినట్టు బల్లగుడ్డ మీద దాని అచ్చు ఇంకా ఉంది, అయినా అక్కడ ఒక్క చీమ లేదు. బారు ఆ చోటుకు ముందే వెనక్కి తిరిగింది.

చక్కెర లేని పెట్టె. ఎవరో కడిగారు. కడిగి లోపల ఇంకేదో పెట్టారు.

తలెత్తి చూశాడు. వరండా ముందు డ్యాం ఇంజనీర్ విజయకుమారి జీపు ఎక్కుతోంది. పై నుంచి నీళ్ళు వస్తున్నాయని ఫోన్ వచ్చింది, ముందే బయలుదేరింది. ఆమె చేతిలో పెట్టె. పక్కన చెయ్యి ఊపుతూ శ్వేత.

"నజ్నీన్, స్కూటీ తాళం!"

"ఎందుకన్నా?"

"ఇవ్వమ్మా!"

శ్వేత అడ్డం వచ్చింది. చేతి సంచిలో ఏదో బరువుగా ఉంది. "నేను చెప్పింది చేసినావా?"

"చేస్తున్నా," అని స్కూటీ ఆమె పక్కనుంచి లాగించాడు. బ్లూటూత్‌లో చీఫ్‌కు ఒక్క మాట చెప్పాడు. "గ్రెగర్‌ను, శ్వేతను, ఇద్దర్నీ పట్టు. ముందు ఫోన్లు."

డ్యాం దగ్గర కాపలా మనిషి కర్ర అడ్డం పెట్టాడు.

"ఎవురయ్యా నువ్వు?"

"మేడం పెట్టెలో చక్కెర లేదు!"

అతను నోరు తెరిచి ఆలోచించే లోపల రోశయ్య లోపల ఉన్నాడు. కంట్రోల్ రూంలో విజయకుమారి పెట్టెను ప్యానెల్ మీద పెట్టింది, ఎంత బాగుందో చూస్తూ. ఆ వెంటనే ప్యానెల్ మీద ఎర్ర లైట్లు వరసగా వెలిగాయి. బయట సైరన్.

"ఏంది ఇది? నేనేమీ నొక్కలేదే!"

రోశయ్య పెట్టె లాక్కున్నాడు. మూత తీశాడు. అడుగున మఖమల్ గుడ్డ. గరిటె కాడతో దాన్ని చీరాడు. కింద చెక్క తొలిచి పెట్టిన డివైస్. కాడతోనే బ్యాటరీ పెకలించాడు.

లైట్లు ఆరినాయి. సైరన్ ఆగింది. మొదటి గేటు జానెడు లేచి నిలిచింది. జానెడు నీళ్ళు మాత్రం ఏట్లోకి పోయినాయి.

"ఎవరయ్యా నువ్వు?" విజయకుమారి గోడకు ఆనుకుని అడిగింది.

"గరిటెలు అమ్ముతా మేడం."

సాయంత్రం ఫస్ట్ వేవ్ హాలుకు సీలు వేశారు. గ్రెగర్ ఫోన్ చీఫ్ జేబులో ఉంది. బటన్ నొక్కిన వేలు తీయకముందే అతన్ని పట్టుకున్నారు. శ్వేత చేతులకు బేడీలు. అప్పుడు కూడా చీర నలగలేదు.

"రెండు చోట్లా జీతం," అన్నాడు చీఫ్.

ఆమె అతన్ని చూడలేదు. రోశయ్యనే చూసింది. "ఎట్లా తెలిసింది నీకు? డిటెక్టర్‌కు కూడా చిక్కలేదు కదా."

"మాది ఉదయగిరే అన్నావు."

"అయితే?"

"అయితే ఆ చక్కెర పారబోసేదానివి కావు."

ఆ మాట అర్థం కాక ఆమె జీపు ఎక్కింది. హాల్లో నజ్నీన్ సెన్సార్ చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని డ్యాంకు తీసుకుపోవడానికి విజయకుమారి మళ్ళీ వచ్చింది.

మరుసటి రోజు పొద్దున రోశయ్య ముందు అక్క ఇంటికి పోయి గడపలో కూర్చుని టీ తాగాడు. తిరిగి వస్తూ ఆత్మకూరులో పావుకిలో చక్కెర కొన్నాడు. సీలు వేసిన హాలు కిటికీ కింద, చీమల పుట్ట దగ్గర మొత్తం పోశాడు.

ఖర్చుల బిల్లులో దాన్ని ఇట్లా రాశాడు: ఇన్ఫార్మర్లకు.