ఒక్కరి మందు

"కాఫీ ఫిల్టర్ ఇంత గట్టిగా ఎవరు బిగించారండీ?" అంది సౌదామిని.

"మూత తీయడం కూడా రాకపోతే ఎలా?" గాలిలో వెలిగే వార్తల తెర మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు భర్త చక్రధర్.

"వేళ్లు వంగితే మిమ్మల్నెందుకు అడుగుతాను?"

"పొద్దున్నే మూత కోసం రాద్ధాంతమేంటర్రా!" వంటింట్లోంచి అత్తగారు రామసీతమ్మ కేకేసింది.

2079లో కాకినాడ ఇళ్లలో ఫ్రిజ్ పక్కన ప్రతిరక్షక మగ్గం ఉండడం వింతేమీ కాదు. సౌదామిని రక్తంలో కొన్ని కణాలు ఆమె కీళ్లనే శత్రువులనుకుని దాడి చేస్తున్నాయి. మగ్గం ఆ దారితప్పిన కణాలను గుర్తించి, వాటిని మాత్రమే పట్టుకునే మోనోక్లోనల్ యాంటీబాడీని, అంటే ఏకలక్ష్య ప్రతిరక్షకాన్ని, వారానికొక సీసా చొప్పున తయారుచేస్తుంది. మణికట్టు పట్టీలో పోస్తే అది చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది. సీసా మూత తిప్పే శక్తి సౌదామినికి లేదు కనుక ప్రతి శుక్రవారం అత్తగారే తెరిచి పోస్తుంది.

మూడు నెలల్లో తగ్గాలి. ఐదో నెల నడుస్తోంది. ఆరు దాటితే వేళ్లు శాశ్వతంగా బిగుసుకుపోతాయని డాక్టర్లు ముందే చెప్పారు.

ఆ మధ్యాహ్నం ల్యాబ్ నుంచి డాక్టర్ నస్రీన్ వచ్చి అన్నీ పరీక్షించింది.

"మగ్గంలో లోపం లేదమ్మా. మీ ఒంట్లోకి వెళ్లింది సగమే. మందులో నీళ్లు కలిశాయి."

రామసీతమ్మ తడబడలేదు. "కాచి చల్లార్చిన నీళ్లేనమ్మా. ఇంట్లో మందుంటే ఒక్కరే వాడుకుంటారా? నా మోకాలికి కాస్త రాసుకున్నాను. తుమ్ములని మా చక్రధర్ ముక్కులో రెండు చుక్కలు వేశాను."

సౌదామిని భర్త వైపు తిరిగింది. "మీకూ తెలుసా?"

"చెబితే గొడవ చేస్తావని..."

"ఈ మందు మీ కోడలి కణాల్ని తప్ప దేన్నీ గుర్తుపట్టదు పెద్దమ్మా. మీ మోకాల్లో దానికి పనే లేదు," అంది నస్రీన్.

"పని లేకపోతే నేను మెట్లెలా ఎక్కుతున్నానమ్మా?"

నస్రీన్ పెట్టె సర్దుకుంది.

సాయంత్రం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. అన్నం కలపలేక సౌదామిని చెంచా పట్టుకుంది.

"రేపు మగ్గం తీసుకుని ల్యాబ్ వసతిగృహానికి వెళ్తున్నాను. వేళ్లు వంగేదాకా అక్కడే ఉంటాను."

"మరి ఇక్కడ వంట?" అన్నాడు చక్రధర్.

"ఊరుకోరా," అని కొడుకును కసిరి, రామసీతమ్మ కోడలి కంచంలో నెయ్యి వేసింది. "వెళ్లు తల్లీ, నేనెందుకు కాదంటాను? ఓ రెండు సీసాలు మాత్రం ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లు."