ఎండ తాగే పలకలు

“ఏవండోయ్! ఆ అద్దాలు అక్కణ్ణించి తీయండి. నా కిటికీకి గాలి రాకుండా పెట్టేశారు!”

లింబాద్రి ఉలిక్కిపడ్డాడు. దుబాయ్ దాటి, ఇసుకలో గంటసేపు ప్రయాణం చేసి వచ్చిన కఫీల్ తోటలో, అంటే వీసా ఇచ్చిన అరబ్బు యజమాని తోటలో, తెలుగు వినపడుతుందని అతను కలలో కూడా అనుకోలేదు. చేతిలోని మీటరు జారి కాలి మీద పడింది.

వంటింటి కిటికీలో ఒక అమ్మాయి. చేతిలో గరిటె, కళ్ళలో కోపం. కోపం సంగతి తర్వాత, ఆ కళ్ళు మాత్రం చాలా బావున్నాయి.

“నువ్వు తెలుగామెవా?”

“నువ్వంటారేంటండీ, మొహమైనా ఎరగని ఆడపిల్లని?”

“మా దిక్కు గట్లనే అంటరు. గండ్ల తప్పేమున్నది?”

“మా కోనసీమలో అయితే తప్పేనండి!”

ఆ అమ్మాయి పేరు బేబీ. కఫీల్ కారు నడిపే వెంకటరాజు ఆమెకు సొంత బాబాయి. కఫీల్ తల్లికి వండిపెట్టడానికి ఆయనే వీసా తెప్పించి తీసుకొచ్చాడు. బేబీకి అరబ్బీ రాదు, హిందీ రాదు. పెద్దావిడతో మాటలన్నీ సైగలే. లింబాద్రిది ఆర్మూరు పక్క పల్లె. దుబాయ్‌లోని అల్ కుసైస్‌లో కఫీల్ కట్టించిన ఇళ్ళకు ఎలక్ట్రీషియన్.

ఈ తోటకింకా కరెంటు తీగ రాలేదు. జనరేటర్ డబడబలకి పెద్దావిడకు కునుకు పట్టడం లేదు. ఎండతో కరెంటు పుట్టించే పలకలు వచ్చాయని కఫీల్ ఎక్కడో విన్నాడు. “లగావ్, లేకిన్ సస్తా” అని, చవగ్గా బిగించమని లింబాద్రికి పురమాయించాడు. పంతొమ్మిది వందల ఎనభై ఆరులో అలాంటి పలకను కళ్ళారా చూసినవాళ్ళే తక్కువ.

ఆ పొద్దున్నే అల్ ఖూజ్ గోడౌన్ నుంచి వ్యాపారి బడే సాహెబ్ పికప్ నిండా పలకలు తెచ్చి వాకిట్లో, వంటింటి కిటికీ ముందు దించాడు. కొన్ని జపాన్‌వి, కొత్తవి, నీలంగా నిగనిగలాడుతున్నాయి. మిగతావి ఎడారిలో ఏదో రేడియో టవర్ నుంచి ఊడదీసిన పాతవి. కొత్తవాటి ధర వినగానే లింబాద్రికి దిమ్మ తిరిగింది. ఇచ్చిన డబ్బుకి రెండే వస్తాయి. రెండింటితో ఒక ఫ్యాను తిరిగితే అదే గొప్ప.

“నయా లేలో మియా, ఆంఖ్ బంద్ కర్కే!” అన్నాడు బడే సాహెబ్.

“కండ్లు మూసుకుంటే ఎట్ల సాబ్? పాతవే తీసుకుంట. గని ఒక్కొక్కటి ఎండల వెట్టి చూస్త.”

ఒక్కో పలకనీ తడిగుడ్డతో తుడిచి, సూర్యుడికెదురుగా తిప్పి, మీటరు పెట్టి చూశాడు. అద్దం పగిలినవి, లోపల తీగ నల్లబడినవి పక్కకు నెట్టేశాడు. ముల్లు బాగా లేచినవాటిని మాత్రం ఏరి పెట్టుకున్నాడు.

“పాతవి కొంటే సెకండ్ హ్యాండ్ ఎండ వస్తుందేమోనండి!” కిటికీలోంచి నవ్వు.

“పలక పాతదైతేంది? ఎండ కొత్తదే గద! పొద్దంత ఎండ తాగుతది, మాపటికి లైటిస్తది.”

“ఎండని తాగుతుందా!” బేబీ నోరెళ్ళబెట్టింది.

కఫీల్ వచ్చి పాత పలకలు చూసి మొహం చిట్లించాడు. లింబాద్రి గుండె మీద చెయ్యేసుకుని, “జిమ్మేదారి మేరీ, సాబ్” అని పూచీ పడ్డాడు.

“ఠీక్. లైట్ నహీఁ, తో తుమ్ భీ నహీఁ. వీసా ఖలాస్!”

లైటు వెలగకపోతే లింబాద్రి ఉద్యోగం ఊడినట్టే. నోరు జారాక ఇంకేం చేస్తాడు?

వంటింటి డాబా మీద పలకలు బిగించాడు, కింద లారీ బ్యాటరీలు పెట్టాడు. ఆ సాయంత్రం చప్పుడు లేకుండా ఫ్యాను తిరిగింది. పెద్దావిడ భయపడి లేచి కూర్చుంది, తర్వాత నవ్వింది. బేబీ చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లకు లింబాద్రి మనసు పూర్తిగా పడిపోయింది.

అప్పట్నుంచి లింబాద్రి రోజూ సాయంత్రం పని కాగానే, వెంకటరాజు నడిపే కారెక్కి తోటకు వచ్చేవాడు. బ్యాటరీలు చూడటానికేనని చెప్పేవాడు. బ్యాటరీల దగ్గర కాసేపు, కిటికీ దగ్గర చాలాసేపు.

“మీ దిక్కు పప్పుల ఏం నంజుకుంటరు?” అని అడిగాడొకరోజు.

“వడియాలండి.”

“నేను వడియాల మొహం చూడక రెండేండ్లాయె.”

బేబీ తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సరిగ్గా ఆ తర్వాతే లైట్లు మొరాయించాయి. ముందు మసకబారాయి, తర్వాత చీకటి పడగానే ఆరిపోవడం మొదలైంది. లింబాద్రి తీగలన్నీ విప్పి మళ్ళీ కట్టాడు, బ్యాటరీల్లో నీళ్ళు పోశాడు. ఫలితం లేదు. జనరేటర్ మళ్ళీ డబడబలాడింది. పాత పలకలు నమ్మి తన కొంప తానే ముంచుకున్నానని కుమిలిపోయాడు. వీసా పోతే పోయింది. బేబీని మళ్ళీ ఎక్కడ చూస్తాడు? 

“జుమ్మా కో ఆఖిరీ ఫైసలా” అని శుక్రవారం గడువు పెట్టాడు కఫీల్.

శుక్రవారం సెలవు. పలకలు బిగించాక మిట్టమధ్యాహ్నం తోటకు రావడం, ఎండలో డాబా ఎక్కడం లింబాద్రికి అదే మొదలు. పైమెట్టు మీద కొయ్యబారిపోయాడు.

పలకలన్నిటి మీదా తెల్లటి పంచె గుడ్డలు. బట్టల క్లిప్పులతో నాలుగు మూలలా బిగించి ఉన్నాయి. వాటి నిండా బారులు తీరి మినప వడియాలు.

“బేబీ!”

ఆ కేకకు ఆమె పరుగెత్తుకొచ్చింది.

“ఏం పని ఇది? దిమాక్ ఉన్నదా? ఎండ దీనికి తాకుతలేదు, బ్యాటరీ ఎట్ల నిండుతది?”

బేబీ మొహం పాలిపోయింది. “ఎండ తాగుతుందన్నారు కదండీ. అంత ఎండ తాగే అద్దం మీదయితే తొందరగా ఎండుతాయనుకున్నాను. ఇక్కడికైతే ఇసుకా రాదు... రోజూ పొద్దు వాలగానే తీసేస్తున్నానండి...”

“ఇన్ని వడియాలు ఎవలికి?”

“మీకేనండి” అంది, ఏడుస్తూ.

లింబాద్రి ఒక వడియాన్ని వేలితో తాకి చూశాడు. తన ఉద్యోగం ఊడగొడుతున్నది తన మీది ప్రేమేనా!  ఇంతలో కింద కారు ఆగింది. గబగబా గుడ్డలన్నీ చుట్టి మూలకు తోసి, దిగి వెళ్ళాడు. బేబీ వెనకే వచ్చింది.

“క్యా ఖరాబీ?” అడిగాడు కఫీల్. పక్కనే వెంకటరాజు.

నిజం చెబితే వంటపిల్ల టికెట్టు తెగుతుంది. లింబాద్రి తల వంచుకున్నాడు. “పలకలు ఖరాబ్, సాబ్. గల్తీ మేరీ. ముఝే భేజ్ దో.”

హిందీ రాకపోయినా, ఆ వంగిన తల చూసి బేబీకి అంతా అర్థమైంది. “అబద్ధం బాబాయ్! పలకలు మంచివే. వాటి మీద వడియాలు పెట్టింది నేను. ఈయన్ని పంపిస్తే నన్నూ పంపించెయ్యమను. ఈయన లేకపోతే నేనిక్కడ ఉండలేను. చెప్పు బాబాయ్, సాబ్‌గారికి చెప్పు!”

వెంకటరాజు నిర్ఘాంతపోయాడు. కళ్ళెదుట తన అన్న కూతురు, పరాయి కుర్రాడి కోసం కన్నీళ్ళు! పైగా ఆ మాటలు తన నోటితోనే చెప్పాలట! లింబాద్రిని ఎగాదిగా చూశాడు. పిల్లను కాపాడటానికి తిండి పెట్టే పనే వదులుకోబోయినవాణ్ణి ఏమని తిడతాడు?

“క్యా బోల్తీ?” కఫీల్ గద్దించాడు.

వెంకటరాజు గొంతు సవరించుకున్నాడు. “సాబ్, పలక అచ్ఛా హై. బచ్చీ నే ఉస్‌పర్ ఖానా సుఖాయా, ఇస్‌లియే లైట్ బంద్. ఇస్ లడ్కేకో మత్ భేజో సాబ్. యే హమారే ఘర్ కా దామాద్ హై.”

లింబాద్రి అదిరిపడ్డాడు. కఫీల్ వాళ్ళిద్దర్నీ మార్చి మార్చి చూశాడు. అరుగు మీద పెద్దావిడ కొడుకుతో అరబ్బీలో ఏదో అని పకపకా నవ్వింది. కఫీల్ మీసాల చాటునా నవ్వే.

“బాబాయ్ ఏమన్నాడండి? పంపించేస్తారా?” బేబీ లింబాద్రి వైపు తిరిగింది.

“లేదు.” లింబాద్రి తల గోక్కున్నాడు. “నేను మీ ఇంటి అల్లుణ్ణట.”

బేబీ గుడ్లప్పగించి బాబాయిని చూసింది, అతన్ని చూసింది. కొంగుతో మొహం తుడుచుకుంది. “అల్లుడెలా అవుతారండీ? నన్నెవరూ అడగందే!”

“నేనడుగుతున్న. చేసుకుంటవా?”

బేబీ చెప్పిన జవాబు ఎంత మెల్లగా ఉందంటే, అది లింబాద్రికి తప్ప ఎవరికీ వినపడలేదు.

“క్యా బోలీ?” కఫీల్ ఓపిక నశించి అరిచాడు.

ఈసారి ఎవరూ తర్జుమా చేయలేదు. లింబాద్రి మొహం చూసి కఫీలే తెలుసుకున్నాడు.