మెట్ల దగ్గర ఆగిన పోస్ట్‌మ్యాన్

పొద్దున ఏడున్నరకు పోస్ట్‌మ్యాన్ మంచం అంచున కూర్చుని బూట్లతో కుస్తీ పడుతున్నాడు. రెండో బూటు దగ్గర ఆగి ఊపిరి తీసుకున్నాడు.

"బూట్లు కుంచించుకుపోయాయా, కాళ్ళు వాచాయా?" అడిగింది భార్య. ఆమె బడి ఆఫీసులో గుమస్తా. చిన్న తేడా కూడా ఆమె కళ్ళు దాటిపోదు.

"వానకి తడిసి బిగిశాయిలే."

ఆయనకు పదేళ్ళుగా షుగరుంది. ఇన్నేళ్ళుగా వీధులన్నీ నడిచేవాణ్ణి అదేం చేస్తుందని, మాత్ర ఒకరోజు వేసుకుంటే రెండు రోజులు మానేసేవాడు.

ఆ సాయంత్రం కూరగాయల కొట్టు దగ్గర రిటైరైన టీచరమ్మ ఒకావిడ ఆయన భార్యను ఆపింది.

"మీ ఆయనకి నామీద కోపమా అమ్మా? రెండు నెలలుగా నా ఉత్తరాలు కిందే వదిలేస్తున్నారు. చూపు ఆనదని, ఇదివరకు మూడో అంతస్తుకొచ్చి చదివి వినిపించేవారు."

ఆమె కూరగాయలు కొనకుండానే ఇంటికొచ్చింది.

"మెట్లెక్కడం ఎప్పుడు మానేశారు?"

ఆయన పేపరు పక్కన పెట్టాడు. "ఒక అంతస్తు ఎక్కేసరికి ఆయాసం వస్తోంది. గుండెలో నొప్పేం లేదుగా అని ఊరుకున్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే డాక్టరంటావు. వాళ్ళు నడవొద్దంటారు. ఆఫీసులో ముద్రలు గుద్దుకుంటూ బతకమంటావా?"

"ముద్రలు గుద్దుకునే మనిషైనా నాకు కావాలి. పక్కన పడుకునేదానికే చెప్పకపోతే, ఇన్నేళ్ళూ మనం చేసింది కాపురమేనా?"

ఆయన తల దించుకున్నాడు. "భయమేసింది. పైకి చెబితే నిజమైపోతుందనిపించింది."

మర్నాడు స్కాన్ చేసిన డాక్టరమ్మ తెర చూపించింది. గుండె కొట్టుకుంటోంది కానీ, బిగుసుకుపోయి సరిగా వదులు కావడం లేదు.

"షుగరున్నవాళ్ళకి నొప్పి లేకుండా కూడా గుండె దెబ్బతినొచ్చు. రక్తంలో చక్కెర నిండుగా ఉన్నా ఇన్సులిన్ మాట కండరం వినదు. చక్కెరను సరిగా వాడుకోలేక గుండె అలిసిపోతుంది."

"అంటే ఉత్తరం గుమ్మం దాకా వచ్చినా ఇంట్లోవాళ్ళు తలుపు తీయట్లేదన్నమాట," అన్నాడు పోస్ట్‌మ్యాన్.

డాక్టరమ్మ నవ్వింది. "అంతే. మందులు మానకండి, ఉప్పు తగ్గించండి. నడక మానొద్దు, మెల్లగా పెంచుదాం. మీ గుండె ఇంకా చేయి దాటిపోలేదు."

ఆ చివరి మాటకు భార్య కళ్ళు తుడుచుకుంది.

పై అధికారి ఆయనకు మెట్లు లేని బజారు వీధులు అప్పగించాడు. వాపు దిగింది, నిద్ర పట్టింది. ఏ పూట ఆయాసం వచ్చినా దాచకుండా చెప్పడం ఆయనకు అలవాటైంది. నాలుగు నెలలకు మళ్ళీ స్కాన్ చేస్తే గుండె కాస్త కుదుటపడిందని తేలింది.

ఆ రోజు డాక్టరమ్మ ఇక వెళ్ళొచ్చన్నా ఆయన కుర్చీలోంచి లేవలేదు.

"డాక్టరమ్మా, ఈవిడకి కూడా షుగరు పరీక్ష చేయండి. ఇన్నేళ్ళూ నాతోపాటే తింది. పైగా రోజంతా కూర్చుని చేసే పని."

"నాకేం లేదండీ," ఆమె లేవబోయింది.

"నాలుగు నెలల కిందట నేనూ ఇదే మాటన్నాను."

ఆమెకు సూదంటే భయమని ఆయనకు ఒక్కడికే తెలుసు. ఆయన చేయి చాచాడు. ఆమె అటు తిరిగి కళ్ళు మూసుకుని, ఆ చేతిని గట్టిగా పట్టుకుంది.