మూడో కోనకు చెప్పిన లెక్క

మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు...! అయినా ఆకాశంలో సూర్యుడి ఆచూకీ లేదు. కారుమేఘాలు పర్వతశిఖరాలను కబళించాయి. ఎక్కడో ఒక ఉరుము... దానికి వంతపాడుతూ పట్టపగలే గుడ్లగూబ కూత...!

కొండల నడుమ సరస్సు. దానికి లోయల్లోకి చొచ్చుకుపోయిన మూడు కోనలు. మొదటి రెండూ ఫొటోలకు, మూడోది భయాలకు. చూసేవాళ్లకు అందం, పడేవాళ్లకు అందని లోతు!

ఆ నీటి మీద ఇరవై ఏళ్లుగా టూరిస్టులను తిప్పుతున్న బోటు డ్రైవరు ఆ రోజు ఇద్దరినే ఎక్కించుకున్నాడు. ఒకరు అతని భార్య. పదకొండు రోజులుగా ఆమె గొంతులోంచి ఇంకేదో మాట్లాడుతోంది. తినిపించబోతే అతని వేళ్లే కొరుకుతోంది. మొదట ఏడ్చాడు, తర్వాత మొక్కాడు, ఆ తర్వాత మొద్దుబారిపోయాడు. ఇప్పుడు నెత్తురు తుడుచుకుని రెండో ముద్ద కలుపుతున్నాడు, అంతే.

రెండోవాడు మాంత్రికుడు. తలకాయ ఉన్నవాడెవడూ మూడో కోనకు రాడంటారు. ఈయన రెండు తలకాయలతో వచ్చాడు, ఒకటి మెడ మీద, ఒకటి సంచిలో. ఆమెకు నయం చేస్తానని మాటిచ్చాడు. నిజానికి ఆ పిశాచాన్ని ఉసిగొల్పినవాడు అతనే...! మూడో కోనలో ఆమె ప్రాణాన్ని కపాలంలోకి ఆవాహన చేసుకుంటే, అతనికి మరో నూరేళ్ల ఆయుష్షు.

లైఫ్ జాకెట్ ఇవ్వబోతే, ఒంటి మీద కట్లుంటే మంత్రం పారదని మాంత్రికుడు కసిరాడు. డ్రైవరు దాన్ని మళ్లీ కొక్కేనికి తగిలించాడు.

కోన మొదట్లో ఇంజను ఆపాడు. అక్కడి డ్రైవర్లంతా చేసేదే. ఎంతమంది వస్తున్నారో నీటికి వినబడేలా చెప్పాలి. చెప్పినంతమందినీ నీరు తిరిగి పంపుతుంది. లెక్కలో లేనివాడు నీటి సొత్తు...! జాకెట్లను బట్టి మనుషులను లెక్కపెట్టడం అతని అలవాటు. తనదొకటి, ఆమెదొకటి.

"ఇద్దరం వస్తున్నామమ్మా," అన్నాడు.

మాంత్రికుడు నవ్వాడు. "నేను మనిషిలా కనబడట్లేదేంటయ్యా?"

దిద్దుకోవడానికి డ్రైవరు నోరు తెరిచాడు. అప్పటికే మాంత్రికుడు ఆమె జుట్టు చేతికి చుట్టుకుని, కపాలాన్ని ఆమె పెదవులకు ఆనించాడు.

"ఇదింక ఇంటికి రాదు. నువ్వు అటు తిరిగి కూర్చో."

డ్రైవరు తెరిచిన నోరు మూసుకున్నాడు. అటు తిరిగి కూర్చున్నాడు.

బీజాక్షరాలు మిన్నంటాయి. ఫెళఫెళమని పిడుగు...! ఆమె కంఠంలోంచి వికృతమైన ఆర్తనాదం...! నీరు మాత్రం చప్పుడు చేయలేదు. అల లేదు, సుడి లేదు. బోటు అంచు మీదుగా మెల్లగా లోపలికొచ్చి, ఇద్దరి పాదాలను తప్పించుకుని, మూడోవాడి నడుము దాకా ఎక్కింది. అతను శపించాడు, గర్జించాడు. పీకల దాకా వచ్చాక గొంతు మారింది.

"ముగ్గురమని చెప్పవయ్యా... నీకు దండం పెడతా."

డ్రైవరు వెనక్కి తిరగలేదు. ముందు కపాలం మునిగింది. తర్వాత, దాన్ని వదలని చెయ్యి.

బోటు పొడిగా ఉంది. గుడ్లగూబ నోరు మూసుకుంది.

"ఏమండీ, చలేస్తోంది. ఇక్కడికెందుకొచ్చాం?" అది ఆమె గొంతే.

అతను ఆనందం కోసం లోపల తడుముకున్నాడు. ఏమీ తగల్లేదు. తన చొక్కా విప్పి ఆమె భుజాల మీద కప్పాడు.

"చూపిద్దామని," అన్నాడు. "చూశావుగా, పోదాం."

ఇంజను తాడు లాగాడు. రెండోసారి లాగితే స్టార్టయింది.