వదులు అన్న ఒక్క మాట

"తీసుకో, నీ పనితనం!"

హర్షిణి విసిరిన కారు తాళాలు అచ్యుత్ ఛాతీకి తగిలి కింద పడ్డాయి. శనివారం పొద్దున, కెనడాలోని కనాటాలో సన్నటి వాన. కారుని రెండు వీధుల అవతల ఆపేసి తడుస్తూ నడిచొచ్చింది.

"స్టాప్ సైన్ దగ్గర బ్రేక్ తొక్కితే పెడల్ కిందికంటా దిగిపోయింది. ఎదురుగా పసిబిడ్డ ఉన్న స్ట్రోలర్‌తో ఒకావిడ! మూడోసారి తొక్కితే గానీ ఆగలేదు. మొన్న పెడల్ మెత్తగా ఉందేంటని అడిగితే ఏమన్నావ్?"

అచ్యుత్ తల వంచుకున్నాడు. "కొత్త బ్రేక్ ప్యాడ్స్ కదా, నాలుగు రోజులు నడిపితే సెట్ అవుతుందన్నా."

"తెలిసే అన్నావా?"

"లేదు. తెలీదంటే నీ దగ్గర పరువు పోతుందని..."

హర్షిణి తిట్టలేదు. అందుకే అతనికి మరీ సిగ్గేసింది. ఆఫీసులో ఏడాదిగా ఆమెది పక్క సీటు. గ్యారేజీ ఎందుకు, నేనున్నాగా అని ఆ ప్యాడ్స్, అవి నొక్కిపట్టే రోటర్లు తనే మార్చాడు. ఆమె మెప్పు కోసం, అడక్కపోయినా బ్రేక్ ఆయిల్ కూడా మార్చాడు.

"టో ట్రక్‌ని పిలుస్తా. గ్యారేజీకి లాగించి చూపిద్దాం."

"ముందు ఎక్కడ తప్పు చేశావో నాకు చూపించు."

జాకీ, పానాలు మోసుకుని ఆమె వెంట కారు దగ్గరికి వెళ్లాడు. రోడ్డు పక్కనే మోకాళ్ల మీద కూర్చుని చక్రం విప్పి, బ్రేక్ మీదున్న చిన్న నట్‌కి సన్నటి గొట్టం తగిలించాడు.

"నువ్వు పెడల్ తొక్కి పట్టుకో. నేను నట్ తెరిస్తే లోపల చేరి పెడల్‌ని మెత్తబరిచే గాలి ఆయిల్‌తో పాటు బయటికొస్తుంది. మొన్న మా రూమ్మేట్ నిశాంత్ తొక్కాడు."

ఆమె డ్రైవర్ సీట్లో కూర్చుని తొక్కింది. అతను నట్ తిప్పి, "వదులు!" అన్నాడు.

ఆమె కాలు తీసేసింది. గొట్టంలోని బుడగలు గబుక్కున వెనక్కి పోయాయి.

"అయ్యో, ఎందుకు తీశావ్?"

"నువ్వేగా వదులు అన్నావ్!"

"నట్ వదులైందని చెప్పా!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంటే నిశాంత్ కూడా ప్రతిసారీ ఇలాగే కాలు తీశాడన్నమాట. ఆ రోజు గంటసేపు రూమ్మేట్లిద్దరూ కలిసి బ్రేకుల్లోకి శ్రద్ధగా గాలి ఎక్కించారు. అచ్యుత్ పనిచేసేది టెలికాం కంపెనీలో. నాలుగడుగుల దూరానికి ఒక్క మాట సరిగ్గా చేర్చలేకపోయాడు.

హర్షిణికి నవ్వాగలేదు.

"నవ్వకు. ఆ స్ట్రోలర్ తల్చుకుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది. సారీ చెప్పడానికి కూడా సిగ్గుగా ఉంది."

ఆమె నవ్వు ఆపేసింది.

మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి మాట మార్చాడు. "తొక్కు... వదలకు... బిగించా, ఇప్పుడు తియ్యి." నాలుగు చక్రాలూ అయ్యేసరికి పెడల్ గట్టిపడింది. అయినా అతనే టో ట్రక్‌కి ఫోన్ చేశాడు.

"బాగైందిగా?" అంది హర్షిణి.

"అనుకుంటున్నా. ఖాయంగా తెలీదు. తెలిసినవాళ్లు చూశాకే నడుపు."

ఆమె అతన్ని కొత్తగా చూసింది. "సరే, కాలు తియ్యనా?"

"వదలకు."

"నట్లన్నీ బిగించేశావుగా?"

"నట్ల గురించి కాదు." అతని చెవులు ఎర్రబడ్డాయి. "నన్ను."

హర్షిణి కాలు తియ్యకుండానే అతని వైపు తిరిగింది.

"ఇది తెలిసే అంటున్నావా?"

"ఇదొక్కటే తెలుసు."

హర్షిణి చెయ్యి చాపి పక్క సీటు తలుపు తెరిచింది.

"తడుస్తున్నావ్, ఎక్కు. నాలుగు రోజులు చూద్దాం, సెట్ అవుతుందేమో!"