ఆయుధపూజలో పెట్టిన తుపాకీ

"నా స్టెతస్కోప్ పక్కన తుపాకీ ఎవరు పెట్టారు?"

హరిప్రియ గొంతు విని సుగుణ ఆంటీ చేతిలో గంట ఆగిపోయింది.

క్వీన్స్‌ల్యాండ్‌లో, సన్నీబ్యాంక్ పేటలోని ఆంటీ వాళ్లింట్లో ఏటా ఆయుధపూజకి తెలుగు స్టూడెంట్లందరికీ పిలుపు ఉంటుంది. ఎవరి పనిముట్టు వాళ్లు తెచ్చి గ్యారేజీలో పరిచిన పాత పట్టుచీర మీద పెట్టాలి, బొట్టు పెట్టించుకోవాలి, పులిహోర తినాలి. ల్యాప్‌టాప్‌లు, కారు తాళాలు, ఒకరి స్క్రూడ్రైవర్ల పెట్టె ఉన్నాయి. వాటి మధ్య మూడడుగుల నల్ల రైఫిల్, గొట్టానికి కుంకుమ బొట్టు, మెడలో చామంతి దండతో పెళ్లికొడుకులా పడుకుని ఉంది.

"నాదేనండీ. బొమ్మ," అన్నాడు పక్కనున్న పొడుగాటి అబ్బాయి. తెల్ల లాల్చీ వేసుకున్నాడు. పేరు శేషాద్రి. యూనిలో మెకట్రానిక్స్. ఈ మాత్రం ఆంటీ ఇందాకే చెప్పింది.

"బొమ్మని చూసి గుండె ఆగిపోతే నేనే సీపీఆర్ చేసుకోవాలా?"

"ఇది కరెంటుదండీ. హైదరాబాద్‌లో ప్లాస్టిక్ గుళ్లతో ఎయిర్‌సాఫ్ట్ ఆడేవాణ్ని. ఈ దేశంలో అది కుదరదు. క్వీన్స్‌ల్యాండ్‌లో నీళ్లలో నానబెట్టిన మెత్తటి గుళ్లు పేల్చే తుపాకీ అయితే క్లబ్ కార్డుతో ఆడుకోవచ్చు. లోపల మోటారు ఒక బరువుని వెనక్కి లాగి వదుల్తుంది. అసలు దానిలాగే భుజాన్ని తంతుంది. ఆ మోటారే నా ప్రాజెక్టు."

"అయితే ప్రాజెక్టుని తీసి లోపల పెట్టండి."

"చేతులు ఖాళీ లేవండీ."

నిజమే. కార్లకి దిష్టి తీసిన ఎర్రనీళ్ల పళ్లెం అతని చేతుల్లో నిండుగా ఉంది. గేటు దగ్గర పారబొయ్యమని ఆంటీ పురమాయించింది.

"మీరే తీసెయ్యండి. గుళ్లు లేవు, బ్యాటరీ కూడా..." అని ఆగి, "అయ్యో, బ్యాటరీ!" అన్నాడు.

ప్రాణం లేని ఆయుధానికి పూజేమిటి నాయనా అని ఆంటీ పొద్దున్నే అతనిచేత బ్యాటరీ పెట్టించింది. అతనికా సంగతి గుర్తొచ్చేసరికి హరిప్రియ రైఫిల్ ఎత్తనే ఎత్తింది. వేలు ఎక్కడ పడకూడదో అక్కడే పడింది.

దడదడదడ!

భుజం మీద ఎవరో వరసగా గుద్దినట్టయింది. ఆమె రెండడుగులు వెనక్కి వెళ్లి అతన్ని గుద్దుకుంది. పళ్లెం ఎగిరింది. ఎర్రనీళ్లు అతని లాల్చీ మీద గుండెల దాకా పరుచుకున్నాయి. చామంతులు తొక్కి జారి, డ్రైవ్‌వేలో వెల్లకిలా పడ్డాడు.

పసుపూ సున్నం కలిస్తే ఎరుపని తెలిసిన బుర్రే ఆమెది. నర్సింగ్ మూడో ఏడు చదువుతున్న బుర్ర కూడా. రెండూ ఒకేసారి పనిచేయడం మానేశాయి. ఒక చేత్తో రైఫిల్ పట్టుకునే, ఇంకో చేత్తో చున్నీని అతని గుండెకి అదిమింది.

"కదలకండి! బ్లీడింగ్!"

"పసుపునీళ్లండీ..."

"మాట్లాడకండి!"

పక్కింట్లో గడ్డి కోస్తున్న మిషన్ టక్కున ఆగింది. కంచె మీదుగా ఒక తెల్లజుట్టు తల లేచి, కెవ్వుమని మాయమైంది.

పది నిమిషాల్లో పోలీసు కార్లు మూడు.

చేతులు పైకెత్తమంటే అందరూ ఎత్తారు. ఆంటీ వాళ్లాయన మూర్తి అంకుల్ హారతిపళ్లెంతో సహా ఎత్తారు. నేల మీద పడున్న రైఫిల్‌ని ఒక ఆఫీసర్ జాగ్రత్తగా తీసి, దండ పక్కకి తప్పించి బ్యాటరీ ఊడదీశాడు. అప్పుడు గానీ చేతులు దించనివ్వలేదు.

"ఇది ఎవరి చేతిలో ఉంది?" అని అడిగింది నోట్‌బుక్ తీసిన లేడీ ఆఫీసర్.

 హరిప్రియకి సోమవారం నుంచి హాస్పిటల్లో ప్లేస్‌మెంట్, చదువులో భాగంగా చేసే డ్యూటీ. దానికి ముందు పాత కేసులేమైనా ఉన్నాయా అని చూసే పోలీస్ చెక్‌లో ఒక్క మచ్చ కనిపించినా గేటు దాటనివ్వరు. ప్లేస్‌మెంట్ లేకపోతే డిగ్రీ లేదు. ఏలూరులో నాన్న అప్పుడే వీధంతా నర్సమ్మ అని చెప్పుకుంటున్నాడు.

"నా చేతిలోనే, మేడమ్. నాదే," అన్నాడు శేషాద్రి.

"మరి కిందపడిందెవరు?"

"అదీ నేనే."

ఆఫీసర్ ఎర్రటి లాల్చీ వంక, ఎర్రటి చున్నీ వంక మార్చి మార్చి చూసింది.

ఊరుకుంటే సరిపోతుంది. ఒక్క నిమిషం ఊరుకుంటే చాలు. కానీ ముక్కూమొహం తెలియని మనిషి తనకోసం పోలీసులకి అబద్ధం చెప్తుంటే, తుపాకీ తన్నిన దానికంటే ఎక్కువగా గుండె అదిరింది ఆమెకి.

"కాదు ఆఫీసర్. పట్టుకుంది నేను. నొక్కిందీ నేనే."

"ఎందుకండీ?" అన్నాడతను పళ్లబిగువున, తెలుగులో. "సోమవారం ప్లేస్‌మెంట్ ఉంది కదా మీకు!"

హరిప్రియ అదిరిపడింది. "నా ప్లేస్‌మెంట్ సంగతి మీకెలా తెలుసు?"

"ఇంగ్లిష్, ప్లీజ్," అంది ఆఫీసర్. "మీ ఇద్దరికీ ఎన్నాళ్ల పరిచయం?"

"అరగంట," అంది హరిప్రియ.

"మార్చి నుంచి," అన్నాడు శేషాద్రి.

రెండూ ఒకేసారి వచ్చాయి. ఆఫీసర్ పెన్ను గాల్లో ఆగింది. సుగుణ ఆంటీ నోటి మీద చెయ్యి వేసుకుంది.

చివరికి క్లబ్ కార్డు చూశారు. పసుపునీళ్లు వాసన చూశారు. పక్కింటావిడకి నచ్చజెప్పారు. ఇలాంటివి రోడ్డుకి కనపడేలా పెట్టకూడదని శేషాద్రికి నాలుగు చీవాట్లు పెట్టి, కేసేమీ లేదన్నారు.

"నా పోలీస్ చెక్‌లో వస్తుందా?" అని అడిగింది హరిప్రియ.

"ఏమని రాయను? పసుపునీళ్లు ఒలకబోసిందనా?" అని నోట్‌బుక్ మూసింది ఆఫీసర్.

కార్లు వెళ్లిపోయాక, గ్యారేజీ మెట్టు మీద కూర్చుని చున్నీ పిండుకుంటూ అడిగిందామె.

"మార్చి నుంచి ఏమిటి?"

"మీరు రోజూ బస్‌స్టాప్‌లో, బస్సులో మీ అమ్మగారితో స్పీకర్‌లో మాట్లాడతారు. చుట్టూ ఎవరికీ తెలుగు రాదనుకుని."

ఆమెకి చెవులు వేడెక్కాయి. ఏడు నెలలు! "ఏమేం విన్నారు?"

"మీ రూమ్మేట్ గురక. ప్లేస్‌మెంట్ భయం. ఆ భీమవరం సంబంధం వాళ్లబ్బాయి ముక్కు."

"ఛీ! తెలుగువాణ్నని ఒక్క మాట చెప్పచ్చుగా!"

"చెప్తే మీరు స్పీకర్ ఆపేస్తారుగా." తల దించుకున్నాడు. "తప్పే. రోజూ రేపు చెప్దాం అనుకునేవాణ్ని. ఆ సంబంధం వద్దని మీరన్న రోజు ఉందే, ఆ రోజు నా స్టాప్ దాటిపోయి నాలుగు కిలోమీటర్లు వెనక్కి నడిచొచ్చాను. కాళ్లు నొప్పనిపించలేదు."

హరిప్రియ చున్నీ పిండటం మానేసింది. ఇవాళ ఇన్నిసార్లు ఉలిక్కిపడ్డాక ఇంక ఏమీ మిగల్లేదనుకుంది. మిగిలే ఉంది.

"పోలీసులకి అబద్ధం చెప్పేవాళ్లంటే నాకు పడదు."

"ఇంకెప్పుడూ చెప్పను."

"చాటు నుంచి వినేవాళ్లన్నా పడదు."

"ఇంకెప్పుడూ వినను."

ఆమె లేచి చున్నీ దులుపుకుంది. "సోమవారం ఆరింటి బస్సు. ఆ రోజు అమ్మకి ఫోన్ చెయ్యను."

అతని మొహం వాడిపోయింది. "నేను వింటాననా?"

"కాదు," అంది హరిప్రియ. "పక్క సీట్లో మాట్లాడటానికి మనిషుంటే ఫోనెందుకు?"